రవికలో దూది

రేపల్లె ప్యాసింజరు చెప్పిన వేళకు కదలడం ఎప్పుడోగానీ జరగదు, ఇవాళ మాత్రం ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు వేళకే కదిలింది. కదలగానే శేషారత్నం ఒళ్లో ఉన్న గుడ్డసంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, ఇక వెనక్కి తిరిగేది లేదు, తెనాలిలో దిగేలోపు ఈ మనిషి చేత ఊఁ అనిపించాలి, డాక్టరు ముందు చొక్కా విప్పుతానని, తాగుతున్నానని తన నోటితో తనే చెప్తానని అనిపించాలి, తాడో పేడో ఈ ప్రయాణంలోనే తేలిపోవాలి అనుకుంది. ఎదురు బల్ల మీద ఆమె భర్త వెంకటప్పయ్య కిటికీ ఊచలకు చిన్న దిండు ఆనించి, దాని మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. మే నెల, పొద్దున్నే పెట్టె నిండా చెమట వాసన, చుట్టూ ఉన్నవాళ్లు మడిచిన పేపర్లతో విసురుకుంటున్నారు, ఈయన మాత్రం మెడ నుంచి నడుము దాకా శాలువా చుట్టుకున్నాడు. జ్వరమా అమ్మాయ్ అని పక్కనున్న ముసలామె అడిగితే అవునండి అంది. అబద్ధాలాడటం బాగానే వంటబట్టింది. ఈ మూడు నాలుగు నెలల్లో ఆ శాలువా కోసం ఆడినన్ని అబద్ధాలు పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు, జ్వరమనీ, పడిశమనీ, చల్లగాలికి గొంతు పోతుందనీ, ఒకసారైతే మొక్కు అని కూడా చెప్పింది.

గొంతు. అసలు అంతా ఆ గొంతు దగ్గరే మొదలైంది. పగలు రైసుమిల్లులో కాటా దగ్గర నిలబడే మనిషి, ముఖానికి రంగు పడితే రాణి. ఆడవేషాలకు ఆడవాళ్లే వస్తున్న రోజుల్లో కూడా రేపల్లె, తెనాలి, బాపట్ల చుట్టుపక్కల పౌరాణిక నాటకం ఆడించేవాళ్లు రాణి వేషానికి ఆయన్నే అడిగేవాళ్లు, ఆయన రాగం తీస్తే వన్స్‌మోర్ అని కేకలు పడేవి. పద్యానికి ముందు గొంతు విచ్చుకోవడానికి ఒక గుక్క బ్రాందీ. తర్వాత గొంతు ఆరిపోకుండా ఇంకో గుక్క. ఏ ఊరు పోయినా అభిమానులు తెర వెనక్కి పూలదండతో పాటు సీసా కూడా పంపేవాళ్లు, అది మర్యాద, వద్దంటే ఊరిని చిన్నబుచ్చినట్టు. సరే, నాటకమున్న రోజు గొంతు విచ్చుకోవాలి, లేని రోజు ఎందుకు విచ్చుకోవాలి? అడిగితే సాధన అనేవాడు. సాధన చేసీ చేసీ మిల్లు మానేశాడు, అన్నం మానేశాడు, సాధన మాత్రం మానలేదు. ఒక సాయంత్రం ఒళ్లుమండి, మీరు తాగితే సాధన, నేను తాగితే ఏమవుతుందో చూద్దాం అని ఆయన ఎదుటే గ్లాసు నింపుకుని కళ్లు మూసుకుని మింగింది. ఆయన ఆ గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టి, గోడ దగ్గరే కూలబడి ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ సాధన.

బండి పల్లికోన దాటింది, కోతలైపోయిన పొలాల్లో ఎండ అప్పుడే తెల్లగా పరుచుకుంది. దిండు జారితే ఆయన నిద్రలోనే సర్దుకున్నాడు. ఆ దిండులో ఏముందో ఆయనకు తెలియదు. శేషారత్నం చూపు దాని మీదే నిలిచిపోయింది. పెళ్లయిన కొత్తల్లో ఈ మనిషి సిగ్గుపడుతూ అడిగిన మొదటి కోరిక, చీర కాదు సినిమా కాదు, నువ్వు కుట్టు బాగా కుడతావట కదా రత్నం, నాకు వేషం రవికలు కుట్టిపెడతావా అని. అంతకుముందు కొబ్బరిచిప్పలు కట్టుకునేవాడట, పద్యం పాడుతుంటే చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడేవట. ఆమె నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకుని, రవిక లోపల రెండో గుడ్డ వేసి, తిత్తుల్లా కుట్టి, బూరుగు దూది దట్టించి ఇచ్చింది. అది తొడుక్కుని అద్దం ముందు నిలబడి చీర పమిట సర్దుకుంటే ఆమెకే ఒక్క క్షణం ఎవరో పరాయి ఆడది ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. ఆ రాత్రి మొదటి వరుసలో కూర్చుని, జనమంతా కళ్లొత్తుకుంటుంటే, ఆ గుండెల్లో సగం నా దూదే అని మురిసిపోయింది.

ఎనభై ఆరు వేసవిలోనే కదా, రవిక బిగుతుగా ఉంది, కాస్త దూది తియ్ అన్నాడు. లావయ్యారేమో అనుకుని తీసింది. కానీ లావెక్కడ? చేతులు సన్నబడుతున్నాయి, పిక్కలు కరిగిపోతున్నాయి, గుండెలు మాత్రం పెరుగుతున్నాయి. దసరాలకు ఇంకాస్త తీసింది. పై ఏడు ఇంకాస్త. ఏదీ పారెయ్యడం ఆమెకు చేతకాదు, తీసిన దూదినంతా కూతురి పాత గౌను గుడ్డతో కుట్టిన గలీబులో వేస్తూ వచ్చింది, అది నిండి చిన్న దిండయింది, అదే ఇప్పుడు ఆయన తల కింద ఉంది. పోయిన మాఘమాసానికి రవికలో దూదే లేదు. నాటక సమాజం నడిపే శేషగిరిరావు ఆయన్ని దీపాల వెలుగులో ఎగాదిగా చూసి, అమ్మవారి కటాక్షం బావా, ఇన్నేళ్లు వేసిన వేషం నీ ఒంటికే దిగింది అని అక్కడికక్కడే కొబ్బరికాయ కొట్టించి, స్టేజీ మీద శాలువా కప్పాడు. ఈ శాలువాయే. అది నమ్మింది శేషగిరిరావు ఒక్కడేనా? ఆమె నమ్మింది. నమ్మి గుడికి పోయి పసుపూ కుంకుమా ఇచ్చి వచ్చింది. బుద్ధి లేకపోతే సరి, మొగుడికి రొమ్ములొచ్చాయని పసుపు కుంకుమ ఇచ్చిన ఇల్లాలు ఏటికి ఇవతలా అవతలా ఇంకొకతె ఉండదు.

భట్టిప్రోలులో ముసలామె దిగిపోయింది, ఇద్దరు ముగ్గురు ఎక్కి అవతలి బల్ల మీద కూర్చున్నారు. టీ కుర్రాడి కేకకు వెంకటప్పయ్య కళ్లు తెరిచి చెయ్యి చాపాడు. ఆ అరచెయ్యి ఎరుపు ఆమె కంట్లో గుచ్చుకుంది. దాన్ని కూడా మెచ్చుకున్నారు కదా, పారాణి పెట్టక్కర్లేదు బావకు అని. గడ్డం వారానికోసారి గీసుకుంటే సరిపోతోంది, గుండెల మీద వెంట్రుకలు రాలిపోయాయి, మెడ మీద సాలీడు కాళ్లలాంటి సన్నని ఎర్రటి గీతలొచ్చాయి, వాటి మీద రంగు పూసేవాడు. అన్నిటినీ ఆ వేషం ఖాతాలోనే వేసేశారు అందరూ. ఒక్కటి మాత్రం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన తన పక్కన పడుకోవడం మానేశాడు. పలకరించబోతే అటు తిరిగి పడుకునేవాడు. ఎవరినో చూసుకున్నాడు, నాటకాల్లో పాడే పిల్ల ఎవరో అయ్యుంటుంది అని ఎన్ని రాత్రులు గోడవైపు తిరిగి ఏడ్చిందో, ఏడ్చి పొద్దున్నే లేచి ఆయన రవికలు ఉతికి ఆరేసిందో. ఆ ఏడుపంతా దండగ. ఎవరూ లేరు. ఉన్నదల్లా సీసా.

టీ తాగుతూ ఆయన, "తెనాల్లో శేషగిరి స్టేషనుకొస్తానన్నాడు. డాక్టరుకి అజీర్తి అని చెప్పి మందు రాయించుకుని, అటే రిహార్సలుకు పోతాను, రాత్రికి నాటకం ఉంది కదా. నువ్వు సాయంత్రం బండికి వెళ్లిపో" అన్నాడు. "చూద్దాంలెండి" అంది. ఈ చూద్దాంలెండి అన్నది ఆమె ఇరవయ్యేళ్లుగా అంటున్న మాటే, ఇవాళ దాని అర్థం వేరని ఆయనకు తెలియదు.

అజీర్తట. బాపట్లలో కూడా అదే చెప్పాడు. పోయిన నెల అక్కడ నాటకానికి ముందు రంగు వేసుకుంటూ నెత్తురు కక్కితే, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరు ప్రేమకుమారిగారు, నెరిసిన జుట్టు, మెడలో సన్నని సిలువ. చొక్కా విప్పండి అంటే ఈయన గుండీ మీద చెయ్యేసి బిగించుకున్నాడు. నిండు సభలో పమిట సర్దుకునే మనిషి ఒక ఆడ డాక్టరు ముందు గుండీ విప్పనన్నాడు. ఆవిడ బలవంతపెట్టలేదు. కళ్లు చూసింది, చేతులు చూసింది, మెడ చూసింది, ఆయన్ని వరండాలో కూర్చోమని, "చెప్పమ్మా, ఎన్నాళ్ల నించి తాగుతున్నాడు?" అంది. ఆ అడగడంలో ఎక్కడా ఈసడింపు లేదు, అందుకే శేషారత్నానికి దాచాలనిపించలేదు, దూది దగ్గర నుంచి పడక దాకా అంతా చెప్పేసింది. ఆవిడ చెవులప్పగించి విని, "ఆడవాళ్లకు ఆడతనం తెచ్చే హార్మోను ఉంటుంది చూడు, అది మగవాళ్ల ఒంట్లో కూడా కొంచెం తయారవుద్ది. లివరు బాగుంటే దాన్ని ఎప్పటికప్పుడు విరిచి బయటికి పంపేస్తది. తాగి తాగి లివరు గట్టిపడితే ఆ పని చెయ్యలేదు. ఆ హార్మోను ఒంట్లో పేరుకుంటది. ఇటేమో మగతనం తెచ్చే హార్మోనుని తాగుడు అణిచేస్తది. ఇంక రొమ్ములు రాక ఏం చేస్తయ్యమ్మా?" అంది. ఆమె నోటమ్మట, మరి అమ్మవారి కటాక్షం అన్నారండి అని వచ్చేసింది. ఆవిడ నవ్వలేదు. "అమ్మవారి మీద ఎందుకమ్మా తోస్తారు, ఇది చేసింది బ్రాందీ" అంది.

పడక సంగతి కూడా ఆవిడే విప్పి చెప్పింది, నీ మీద మనసు లేక కాదమ్మా, ఒంట్లో ఆ శక్తే అడుగంటిపోయింది, పైగా సిగ్గు అని. ఆ మాట విన్నప్పుడు శేషారత్నానికి కొండంత బరువు దిగినట్టయింది, ఆ వెంటనే ఇంత జబ్బు మాట విని కుదుటపడ్డానేంటి పాపిష్టిదాన్ని అని తనను తనే తిట్టుకుంది. తాను గ్లాసెత్తిన రోజు సంగతి కూడా చెప్పింది. ఆవిడ వేలు చూపించి మరీ అంది, ఆ పంతం మళ్లీ పట్టకు, ఆడవాళ్ల లివరు ఇంకా త్వరగా చెడుద్ది, మగాడు తాగినదాంట్లో సగం తాగినా సరే అని. మానితే తగ్గుతుందా అండి అని అడిగితే తెనాలి డాక్టరుకి చీటీ రాస్తూ చెప్పింది. "తెనాల్లో ఉమామహేశ్వరరావుగారు స్కానింగు చేయించి చెప్తారు, ఎంత మిగిలిందో. మానితే ముదరకుండా ఆగొచ్చు. కొందరికి ఆ వాపు కూడా కొంత తీస్తది. మాటివ్వలేనమ్మా. కానీ మానకపోతే పై వేసవికి నువ్వు రవికలు కుట్టక్కర్లేదు. ఒకటి మాత్రం విను, ఆయన నోటితో ఆయన చెప్పుకోవాలి. నువ్వు చెప్తే మందులు వస్తాయి, మానడం రాదు." ఆ మాటే నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది.

నాలుగైదుసార్లు చెప్పబోయి నీళ్లు నమిలింది. ఇంట్లో చెప్తే లేచి బయటికి పోతాడు, పోతే ఎక్కడికి పోతాడో తెలుసు. బండిలో అయితే ఎక్కడికీ పోలేడు. వేమూరులో బండి ఆగి, క్రాసింగు కోసం కాబోలు, ఎంతకీ కదల్లేదు. అదీ మంచిదే అనుకుని ఆమె లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది, అవతలి బల్ల వాళ్లకు వినపడనంత మెల్లగా, కానీ గొంతు వణకకుండా, "ఇది కటాక్షం కాదండి, జబ్బు. మీ లివరు పాడైపోయింది. ప్రేమకుమారిగారు నాకంతా చెప్పారు" అంది.

కసురుకుంటాడనుకుంది. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ, "నాకు తెలీదనుకున్నావా రత్నం?" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"దుర్గ అడిగిన రోజు."

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. నూతి దగ్గర ఆయన నీళ్లు పోసుకుంటుంటే ఎనిమిదేళ్ల కూతురు కనకదుర్గ తువ్వాలు పట్టుకుని నిలబడి, అమ్మా, నాన్నకూ నీలాగే ఉన్నాయేంటి అంది. పిల్లకు ఏం తెలుసు. ఆమె నోరు నొక్కి లోపలికి లాక్కుపోయింది. ఆయన తడి ఒంటి మీదే చొక్కా తొడుక్కున్నాడు, ఆ రోజు నుంచి ఇంట్లో కూడా చొక్కా విప్పలేదు. అంటే అన్నాళ్లుగా తెలుసు, తెలిసీ శాలువా కప్పుకున్నాడు, తెలిసీ పక్కకు తిరిగి పడుకున్నాడు, ఒక్కడే లోపల్లోపల కుళ్లిపోయాడు. కోపం వచ్చింది, జాలేసింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"తెలిస్తే మరి మానరేంటండీ?"

"మానితే ఇవి పోతయ్. ఇవి పోతే వేషం పోద్ది. ఊరూరా ఆడపిల్లలే వేషాలేస్తుంటే నన్నెందుకు పిలుస్తున్నారనుకున్నావ్? పద్యం వినడానికా? నా గొంతు ఎప్పుడో పోయిందే. చూడ్డానికొస్తన్నారు." ఆ చివరి మాట అంటుంటే ఆయన పెదవి వంకర పోయింది.

అదీ సంగతి. తాగుడు మానలేక కాదు, మానితే మిగిలేదేంటో అని భయం. ఇన్నాళ్లూ తాను సీసాతో పోట్లాడుతున్నాననుకుంది, ఎదురుగా ఉన్నది సీసా ఒక్కటే కాదన్నమాట, ఆ దీపాలూ, ఆ చప్పట్లూ, ఆ శాలువా కూడా. సరే, అన్నిటితోనూ పోట్లాడదాం. ఇంతదూరం వచ్చాక వెనకడుగేమిటి. బండి ఒక్క కుదుపుతో కదిలింది, జంపని వైపు పొలాలు వెనక్కి పోవడం మొదలుపెట్టాయి. ఆమెకు మొదటి వరుసలో కూర్చున్న ఆ రాత్రి మళ్లీ కళ్లకు కట్టింది, హార్మోనియం ఆగిపోయి ఆయన గొంతొక్కటే నిలబడినప్పుడు పక్కనున్న ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడవడం, ఆ ఏడుపు విని తనకు గర్వంతో మెడ నిలవకపోవడం. అప్పుడు ఆ రవిక నిండా దూదే కదా. ఆ సంగతి జనానికి తెలుసు కదా. తెలిసే ఏడ్చారు కదా.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి మొట్టమొదట కుట్టిన రవిక తీసింది. ఎర్రది, జరీ నల్లబడింది, లోపలి తిత్తులు ఖాళీగా వేలాడుతున్నాయి. అవతలి బల్ల మీది మనిషి తల తిప్పి చూశాడు, చూడనీ.

"దూదితో ఆడినప్పుడు కొట్టలేదా చప్పట్లు? అప్పుడు మీ విద్యకు కొట్టారు. ఇప్పుడు మీ జబ్బుకు కొడుతున్నారు. ఏది కావాలో మీరే చెప్పండి."

ఆయన రవిక అందుకున్నాడు. తిత్తి లోపల వేళ్లు పెట్టి చూసుకున్నాడు. "ఇందులో దూదేదీ?" అన్నాడు.

"మీ తల కింద ఉంది."

ఆయన దిండు ఒళ్లోకి తీసుకున్నాడు. దాని మీది గౌను పువ్వులను, కుట్టును, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అటొకసారి ఇటొకసారి నొక్కాడు. చినరావూరు వచ్చింది, పోయింది. శేషారత్నం చెప్పాల్సిందంతా చెప్పేసింది, ఇక ఊఁ అనాల్సింది ఆయన, అనకపోతే మాత్రం వదుల్తుందా, ప్లాట్‌ఫారం మీద కాళ్లకు చుట్టుకునైనా సరే, శేషగిరిరావు రిక్షా చక్రానికి అడ్డం కూర్చునైనా సరే. తెనాలి సిగ్నలు దాటుతుండగా చూస్తే ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

శేషగిరిరావు స్టేషనులో ఎదురుగానే ఉన్నాడు, లాల్చీ నలగకుండా, నోట్లో కిళ్లీ. "రా బావా, రిక్షా బయటుంది. ఏమ్మా చెల్లెమ్మా, నువ్వూ వచ్చావేంటి? హార్మోనిస్టు పొద్దున్నే దిగాడు, ఇవాళ జనం విరగబడతారు చూడు" అంటూ సంచి అందుకోబోయాడు. ఆమె సంచి వదల్లేదు. భర్త వైపు చూసింది.

వెంకటప్పయ్య శాలువా తీశాడు. జనం మధ్య, పట్టపగలు, ఒక్కో మడతా విప్పి తీశాడు. చెమటకు తడిసిన పల్చటి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, దాచడానికి ఏమీ మిగల్లేదు. పక్కనుంచి పోతున్న కూలీ ఒకడు ఆగి చూశాడు. ఆయన శాలువాను నాలుగు మడతలు పెట్టి శేషగిరిరావు చేతుల్లో పెట్టి, "రాణికి ఇంకో మనిషిని చూసుకో శేషగిరీ. నేను డాక్టరు దగ్గరికి పోతన్నా, చొక్కా విప్పడానికి" అన్నాడు. శేషగిరిరావు కిళ్లీ నమలడం మర్చిపోయాడు. వెంకటప్పయ్య వెనక్కి చూడకుండా నడిచాడు, ఆమె మోచెయ్యి అందించింది.

డాక్టరుగారి వరండాలో బల్లల నిండా జనం. పేరు పిలవగానే ఆమె కూడా లేవబోతే, "నువ్వుండు, నేను చెప్పుకుంటా" అని, లోపలికి పోకముందే పై గుండీ విప్పుకున్నాడు. తలుపు పూర్తిగా పడలేదు. ఆమె ఆ సందు వైపు జరిగి కూర్చుంది. తర్వాత ఆ గొంతు, ఒకప్పుడు ఆఖరి వరుసకు కూడా వినిపించిన గొంతు, బొంగురుపోయి, అయినా స్పష్టంగా, "తాగుతానండి. రోజూ తాగుతానండి. ఇదుగో చూడండి" అంది. శేషారత్నం కళ్లు తుడుచుకుని, దిండు ఒళ్లో పెట్టుకుని, జాకెట్టుకున్న పిన్నీసు తీసి దిండు కుట్టు విప్పింది. దూది ముద్దలు కట్టింది, వేళ్లతో విడదీసి మెత్తగా చేసి, ఎర్ర రవిక తిత్తుల్లోకి కొంచెం కొంచెంగా దూర్చడం మొదలుపెట్టింది. స్కానింగులో ఏం తేలుతుందో, ఈ రవిక మళ్లీ ఎప్పుడు తొడుగుతాడో, అసలు తొడుగుతాడో లేదో ఆమెకు తెలియదు, తెలియకపోయినా దూది దాని చోట్లో అది ఉండాలి. పక్కన కూర్చున్నావిడ కాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"బాగా కుట్టావమ్మాయ్. ఎవరిదా రవిక?"

నోటిదాకా ఏదో అబద్ధం వచ్చింది, అలవాటు కదా. మింగేసింది.

"మా ఆయనదండి" అంది శేషారత్నం, ఇంకో పిడికెడు దూది తీసుకుంటూ.